ముప్పైమంది ఒకే మాట

“నేను సంతకం పెట్టను అత్తయ్యా. మొన్న చెప్పాను, నిన్న చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.”

కోడలు స్నానాల గది గుమ్మంలో నిలబడి తడి జుట్టు తువ్వాలుతో పిండుకుంటూ అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మేస్త్రమ్మకి కాస్త సుళువుగా ఉండేది. గట్టిగా అరిచేవాళ్ళతో ఎలా నెగ్గుకురావాలో ఆవిడకి బాగా తెలుసు.

మేస్త్రమ్మ పొయ్యి ముందు నుంచి తిరగలేదు. టీ పొంగు మీదుంది.

“పెట్టకపోతే మానెయ్యి. నీ చెయ్యి పట్టుకుని పెట్టించడానికి వచ్చానా?”

“రాసింది మీరు. ఆపమని సైగ ఇచ్చినా ఆ అమ్మాయి పని ఆపలేదని రాశారు. కింద మీ సంతకం ఉంది. దాని కింద నాది పడితే సాయంత్రానికి ఆ పిల్ల గేటు బయట ఉంటుంది.”

“నేను రాసింది తప్పంటావా?”

“అది మీరే చెప్పాలి.”

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరూ చూశారు. ఎవరూ గుడ్డ తీసుకోలేదు.

కొడుకు మంచం చివర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రాసుకొచ్చే ఉద్యోగం అతనిది. నడిచి నడిచి బూట్లు అరిగిపోతాయి గానీ మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నట్టు ఉంటాడు.

“తెల్లారిందో లేదో మళ్ళీ మొదలెట్టారా? కాస్త టీ అయినా తాగనివ్వండి.”

“ఊళ్ళోవాళ్ళ మీటర్లన్నీ చదువుతారు కదా,” అంది కోడలు. “మీ అమ్మగారి ముఖం మీద ఏం రాసుందో ఒక్కసారి చదివి చెప్పండి.”

“అది మా నాన్నకే అంతుపట్టలేదు. నాకేం అంతుపడుతుంది?”

వేరే రోజయితే ఆ మాటకి ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు. ఇవాళ అతనొక్కడే సగం నవ్వి, ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక తల వంచుకున్నాడు.

“నీ దరఖాస్తు ఈ చేత్తో పట్టుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టాను,” అంది మేస్త్రమ్మ. “మా కోడలు చదువుకుంది, మంచి పిల్ల అని చెప్పాను. అది గుర్తుందా?”

“గుర్తుంది కాబట్టే మూడు రోజులుగా ఆఫీసులో నోరు మూసుకున్నాను.”

“ఇవాళ తెరుస్తావన్నమాట.”

“పదకొండు గంటలకి విచారణ. అప్పటికీ నాతో సంతకం పెట్టించాలని చూస్తే ఉద్యోగం వదిలేస్తాను. ఆ తర్వాత...” కోడలు ఆగింది. తువ్వాలు దండెం మీద ఆరేసి, నాలుగు మూలలూ సరిచేసింది. “ఆ తర్వాత మీ ఎదురుగా కూర్చుని అన్నం తినడం నావల్ల కాదు.”

మేస్త్రమ్మ అప్పుడు తిరిగింది. కోడలి వైపు కాదు, కొడుకు వైపు. వాడు కట్టిన ముడినే మళ్ళీ విప్పి కడుతున్నాడు.

“వేరే ఇల్లు చూసుకున్నారా?”

కోడలు భర్త వైపు చూసింది.

“నిన్నే అడుగుతున్నాను నాన్నా. చూసుకున్నారా?”

“చూడడమంటే... దారిలో ఒకచోట బోర్డు కనిపిస్తే అడిగానమ్మా. అంతే.”

మేస్త్రమ్మ మూడు గ్లాసుల్లో టీ పోసింది. తన గ్లాసు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయే మనిషి ముందు ఇలాంటి చిన్న అబద్ధాలతోనే సామాను సర్దుకుంటాడని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సీసా పగిలింది మంగళవారం.

ఇంజెక్షన్ మందులు నింపే ఆ ఫ్యాక్టరీలో పరీక్ష హాలు ఇరవైరెండేళ్ళుగా మేస్త్రమ్మది. ఆ పేరు ఆవిడకి పెట్టింది కూడా ఆ హాలే. వరసలుగా బల్లలు, ప్రతి బల్ల మీద ఒక దీపం, వెనక సగం నల్లపలక, సగం తెల్లపలక. నింపిన సీసాని మెడ పట్టుకుని తలకిందులు చేసి, ముందు తెల్లదాని మీద, తర్వాత నల్లదాని మీద చూడాలి. వెంట్రుక, దూది పోగు, గాజు నలక, ఏదున్నా పట్టుకోవాలి. మూతికి గుడ్డ. మాట్లాడకూడదు. కళ్ళు దీపం మీంచి తియ్యకూడదు.

అందుకని వాళ్ళలో వాళ్ళకే ఒక పద్ధతి పుట్టింది. వేలి కణుపుతో బల్ల మీద ఒక్క దెబ్బ కొడితే నలక దొరికిందని. రెండు దెబ్బలయితే సీసాకి పగులని. మూడు దెబ్బలు మేస్త్రమ్మ ఒక్కతే కొడుతుంది. ఎక్కడో గాజు పగిలింది, ఎక్కడి చేతులు అక్కడే ఆపండి, ఒక్క పళ్ళెం కూడా ముందుకి జరపకండి అని. ఏ కాగితంలోనూ ఆ పద్ధతి రాసి లేదు. రాయాల్సిన పనీ పడలేదు. హాల్లో ఉన్నవాళ్ళంతా నాలుగు వీధుల ఆడవాళ్ళే. అక్కాచెల్లెళ్ళు, వదినా మరదళ్ళు, తల్లి మానేస్తే కూతురు.

ఎనిమిది నెలల క్రితం కంపెనీ చేతులు మారింది. నాలుగు వీధుల వాళ్ళతోనే హాలు నింపుకుంటే కుదరదు, అన్ని రకాల మనుషులూ ఉండాలన్నారు కొత్తవాళ్ళు. ఆ మార్పులన్నీ దగ్గరుండి చేయించే బాధ్యత ఆఫీసులో ఉన్న కోడలికి అప్పగించారు. చెవులు వినిపించని ఆడపిల్లలు నలుగురు వచ్చారు. వాళ్ళకోసం ప్రతి వరస పైనా ఒక ఎర్రదీపం బిగించారు. అది వెలిగించే మీట మేస్త్రమ్మ బల్ల మీద, కుడిచేతికి జానెడు దూరంలో.

వాళ్ళకి చోటు చెయ్యడానికి పాతవాళ్ళు నలుగురిని ఆవరణకి అవతల అట్టపెట్టెలు మడిచే షెడ్డుకి పంపారు. అందులో ఒకామె ఇరవైరెండేళ్ళు మేస్త్రమ్మ పక్కన, మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి. నెల తిరక్కుండానే పని మానేసి కూతురి ఊరికి వెళ్ళిపోయింది. వెళుతున్నానని చెప్పలేదు. ఆమె కుర్చీలో ఇప్పుడు ‘పిచ్చుక’ కూర్చుంటోంది. సన్నగా, పొట్టిగా ఉండి, పళ్ళెంలోంచి సీసాలు టకటకా ఏరుకుంటుందని హాలు ఆ పిల్లకి పెట్టిన పేరు.

మంగళవారం మూడో వరసలో సీసా పగిలింది. మేస్త్రమ్మ మూడు దెబ్బలు కొట్టింది. ముప్పైమంది చేతులు ఆగాయి. పిచ్చుక చేతులు ఆగలేదు. తోటి పిల్లలు ముగ్గురూ కళ్ళకి విశ్రాంతి ఇచ్చే వంతులో బయట ఉన్నారు. పిచ్చుక దీపంలో ముఖం పెట్టుకుని నాలుగు పళ్ళేలు ప్యాకింగు వైపు జరిపేసింది. ఒకదానిలో గాజుముక్క ఎగిరిపడి ఉంది. ప్యాకింగులో ఒకతని అరచెయ్యి తెగింది. ఆ రోజు సరుకంతా ఆపేశారు.

“ఎర్రదీపం వెలగలేదు,” అని పిచ్చుక రాసిచ్చింది. ఎలక్ట్రీషియన్ చూస్తే దీపం శుభ్రంగా వెలుగుతోంది.

“వెలిగింది,” అని ముప్పైమంది రాసిచ్చారు.

ఫ్యాక్టరీ బస్సులో ముందు సీట్లు ఆఫీసువాళ్ళవి, వెనకవి హాలువాళ్ళవి. అత్తాకోడళ్ళు రోజూ ఒకే మెట్టు ఎక్కి చెరోవైపు వెళతారు. గేటు దాటాక కోడల్ని ‘మేడమ్’ అనాలి. మొదట్లో ఆ మాట అనడానికి మేస్త్రమ్మకి ఎంత సంబరంగా ఉండేదో!

“రా వదినా, నీ చోటు పట్టి ఉంచాను,” అంది ‘గడియారం’. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాని మనిషి. ఇవాళ హాలు తరఫున సాక్ష్యం చెప్పేది ఆమే. “ముఖం అలా పీక్కుపోయిందేమిటి? మేడమ్‌గారు ఇంట్లో కూడా విచారణ పెట్టారా?”

వెనక సీట్లలో నవ్వులు.

“నెమ్మదిగా మాట్లాడవే. వింటుంది.”

“వింటే విననీ. నువ్వు మాత్రం బెంగపెట్టుకోకు. ముప్పైమందిమి ఒకే మాట మీద ఉన్నాం. ప్రాణం పోయినా అటూ ఇటూ కాము.”

“నేను మిమ్మల్ని చెప్పమన్నానా?” అంది మేస్త్రమ్మ.

“చెప్పమనాలా? మా అమ్మ పోయినప్పుడు నా వంతు పని పదిరోజులు నువ్వు చెయ్యలేదూ? చెప్పమని అడిగానా నేను?”

మేస్త్రమ్మ కిటికీ వైపు తిరిగింది.

ఆ మీట మీద తన వేలు పడలేదు. ఆ సంగతి తనకి తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు, అంతే. మంగళవారం సాయంత్రం కాగితం ముందు కూర్చున్నప్పుడు ‘సైగ ఇచ్చాను’ అని రాసింది. బల్ల కొట్టడం సైగే కదా అనుకుంది. మర్నాటికి ముప్పైమందీ దానికి దీపం తగిలించారు. వద్దనడానికి నోరు రాలేదు. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి నొక్కి వెళుతుంటే, ఇంతమంది నావాళ్ళా అనుకుంది.

ముందు సీట్లో కోడలు ఒంటరిగా కూర్చుని ఉంది. పక్క సీటు ఖాళీ.

విచారణ గదిలో ఆరు కుర్చీలు వేశారు. మేనేజరు బల్లకి అటువైపు. ఆయన పక్కన కాగితాలతో కోడలు. ఇటువైపు మేస్త్రమ్మ, గడియారం, పిచ్చుక. పిచ్చుక ఎదురుగా చేతులతో మాట్లాడే పంతులమ్మ. బధిరుల బడి నుంచి ఆవిడని పిలిపించింది కోడలే.

పిచ్చుక హాలు టోపీ చేతిలో నలుపుతోంది. మేస్త్రమ్మని చూసి లేచి నిలబడింది. రోజూ హాల్లో లేచినట్టే.

“కూర్చోమనండి,” అన్నాడు మేనేజరు. “దీపం వెలగలేదని రాశావు. ముప్పైమంది వెలిగిందంటున్నారు. ఏమంటావు?”

పంతులమ్మ చేతులు కదిలాయి. పిచ్చుక టోపీ ఒళ్ళో పెట్టుకుంది. చేతులు నెమ్మదిగా లేచాయి.

“ఈ అమ్మాయి అంటోంది...” పంతులమ్మ ఒక్క క్షణం తడబడింది. “మూడు రోజులు ఆలోచించానంటోంది. సీసా మెడ ఎలా పట్టుకోవాలో, ఏ పలక మీద ఎంతసేపు చూడాలో మేస్త్రమ్మే నా వేలు పట్టుకుని నేర్పింది. ఆవిడ దీపం వేశానంటే వేసే ఉంటారు. నా కళ్ళే చూసి ఉండవు. నాది తప్పే అంటోంది.”

“అలా చెప్పమని నీకెవరు చెప్పారు?” అంది కోడలు గభాలున, పిచ్చుక వైపు వంగి. ఆ అమ్మాయి అర్థంకానట్టు చూసింది.

“మేడమ్, ఉండండి,” అన్నాడు మేనేజరు. “తనే ఒప్పుకుంటోందిగా. నెత్తిమీద ఎర్రదీపం కనిపించని కళ్ళకి గాజు నలక ఏం కనిపిస్తుంది? ఈ పనికి పనికిరాదు. రాసేసుకోండి.”

గడియారం మేస్త్రమ్మ మోచేతిని చిన్నగా తట్టింది. అయిపోయింది వదినా, అన్నట్టు.

రెండు వారాల క్రితం మేస్త్రమ్మ చూసి పక్కన పెట్టిన పళ్ళెంలోంచి పిచ్చుక ఒక సీసా వెనక్కి తీసింది. లోపల సన్నటి తెల్లదారంలాంటి పోగు. అది మేస్త్రమ్మ కళ్ళకి ఆనలేదు. అందరి ముందూ ఒక్క దెబ్బ కొట్టి చూపించింది ఆ పిల్ల, దెబ్బ తనకి వినిపించకపోయినా హాలు పద్ధతి నేర్చుకుని మరీ. ఆ కళ్ళు! ఆ కళ్ళనే ఇప్పుడు తప్పుపట్టుకుంటోంది.

“దీపం నేను వెయ్యలేదు,” అంది మేస్త్రమ్మ.

కోడలి చేతిలో కలం ఆగింది.

“ఏమిటీ?” అన్నాడు మేనేజరు.

“మీట నొక్కలేదు. బల్ల కొట్టాను. అంతే.”

“వదినా!” గడియారం లేచింది. “ఏం మాట్లాడుతున్నావు? ముప్పైమందిమి సంతకాలు పెట్టాం! మా చేత ఇంత గడ్డి తినిపించి ఇప్పుడు నువ్వు మంచిదానివి అవుతావా?”

“నేను చెప్పమనలేదే.”

“వద్దనలేదుగా! పొద్దున బస్సులో చెప్పాను కదా ఒకే మాట మీద ఉన్నామని. అప్పుడేం చేశావు? కిటికీలోంచి చెట్లు చూశావు!”

గడియారం కూలబడినట్టు కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనేజరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖం వికసించినట్టే ఉంది.

“కంగారు పడకండమ్మా. ముందు నేను చెప్పేది వినండి. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి బల్ల మీదకే వెళుతుంది. పొరపాటు, అంతే కదా? ఇరవైరెండేళ్ళ అనుభవమున్న మనిషికే మీట గుర్తుకి రాకపోతే ఇంకెవరికి వస్తుంది? తప్పు మీది కాదు, ఈ ఏర్పాటుది. నలుగురు పిల్లల్నీ పంపించేద్దాం. పైవాళ్ళకి నేను రాస్తాను. మీ పాతవాళ్ళని షెడ్డు నుంచి వెనక్కి తెచ్చుకోండి. మానేసినామెని కూడా కావాలంటే పిలిపించుకోండి. సాక్ష్యాల సంగతి నేను మర్చిపోతాను.”

గడియారం కొంగు తీసేసింది. “అదే కదండీ మేం మొదట్నుంచీ మొత్తుకుంటోంది!”

మొదటి కుర్చీ మేస్త్రమ్మ కళ్ళముందు కదిలింది. అందులో కూర్చున్న పాత మనిషి, మధ్యాహ్నం డబ్బా మూత తీసి ‘ముందు నువ్వు తిను’ అనే ఆ గొంతు. ఒక్క మాట. పొరపాటు అంటే చాలు.

“కాగితంలో రెండు గడులున్నాయి,” అంది కోడలు. తల ఎత్తలేదు. “ఒకటి పొరపాటు. ఒకటి కావాలని. మొదటిదయితే మేనేజరుగారు చెప్పినట్టే జరుగుతుంది. రెండోదయితే ఈ అమ్మాయిలు ఉంటారు. మీరు ఉండరు. మీరే చెప్పాలి.”

మంగళవారం ఆ క్షణం ఏం జరిగింది? గాజు పగిలిన చప్పుడు. చెయ్యి లేచింది. మీట జానెడు దూరంలో ఉంది. అది ఉందని తెలుసు. మొదటి కుర్చీలో ఆ చిన్న వీపు కనిపించింది. చెయ్యి బల్ల మీద పడింది. మూడు రోజులుగా ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. ఏ పలక మీద పెట్టి చూసినా తేలడం లేదు.

“తెలియదు,” అంది.

“తెలియదని రాయడానికి ఇందులో చోటు లేదు.”

“పొరపాటే అనండమ్మా, పోతుంది,” అన్నాడు మేనేజరు చేతిగడియారం చూసుకుంటూ.

“కావాలనే,” అంది మేస్త్రమ్మ.

కోడలు తల ఎత్తింది. “ఎందుకు?”

“ఆ కుర్చీలో ఆ పిల్ల కూర్చోవడం నాకు గిట్టలేదు. తప్పు తనమీదకి పోతే పోయిందనుకున్నాను.”

పిల్లలు నిలబడాలంటే చెప్పాల్సిన మాట అది. అయితే ఎక్కడా తడబడకుండా, ఎప్పుడో కంఠతా పట్టినట్టు నోట్లోంచి వచ్చేసరికి మేస్త్రమ్మకే భయం వేసింది.

పంతులమ్మ చేతులు గాలిలో ఆగిపోయాయి. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పిచ్చుక మేస్త్రమ్మ పెదాలనే చూస్తోంది. మొత్తం అందుకుంది.

ఆ అమ్మాయి ముఖంలో కోపం రాలేదు. వస్తే బాగుండేది. టోపీ మడత సరిచేసి బల్ల మీద పెట్టింది. పంతులమ్మ గబగబా ఏదో సైగ చేసింది. ఆ అమ్మాయి నాలుగు సైగలతో బదులిచ్చి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

“తన ఉద్యోగానికి ఢోకా లేదని చెప్పాను,” అంది పంతులమ్మ నీరసంగా. “మేస్త్రమ్మ తనని ఇష్టపడి నేర్పిందనుకున్నదట. ఇక్కడ ఇంకేదీ నమ్మలేనంటోంది.”

మేస్త్రమ్మ కుర్చీని తోసుకుని లేచింది. మోకాళ్ళు పట్టేసినా నడవాలోకి వచ్చింది. పొడుగాటి నడవా. ఆ చివర మలుపులో కుడివైపు హాలు, ఎడమవైపు గేటు. పిచ్చుక సగం దూరం వెళ్ళిపోయింది.

“ఆగవే!” అంది.

అన్నాక తెలిసింది. ఆ మనిషిని వెనక నుంచి ఎవరూ ఆపలేరు. ఎదురుగా వెళ్ళి నిలబడాలి. తనకి అంత వేగం లేదు.

వెనక తలుపు చప్పుడయింది. కోడలు వచ్చి పక్కన నిలబడింది. చేతిలో ఆ కాగితం. రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి.

“అత్తయ్యా. లోపల చెప్పింది నిజమా? ఆ పిల్లల్ని నిలబెట్టడానికి అన్నారా?”

“తర్వాత అడుగు అమ్మాయ్. నువ్వు చిన్నదానివి, పరిగెత్తగలవు. ముందు తనని ఆపు.”

“నిజమయితే మీతో ఒక్కరోజు కూడా ఉండలేను. కాకపోతే మీరు ఉద్యోగం పోగొట్టుకునే కాగితం నా చేత్తో రాయలేను. నాకు తెలియాలి.”

“వెళ్ళిపోతోందే!”

పిచ్చుక మలుపు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎడమవైపు తిరిగింది.

“నేనడిగినదానికి చెప్పండి,” అంది కోడలు. నిలబడ్డచోటి నుంచి కదలలేదు.